ఇంటికి వచ్చే కబురు – చిన్న సెల్‌ఫోనును సరిగా అమర్చుకుందాం, భద్రంగా వాడుకుందాం



శ్రీకాకుళం మేత్రాసనం 1993 జూలై 1న ఏర్పడింది. ఆనాటికి మన పల్లెల్లో ఫోను అంటే రోడ్డుమీద ఎస్.టి.డి. బూతే. చెన్నపట్నమో, హైదరాబాదో, గుజరాత్ తీరంలోని వెరావలో పనికి వెళ్లిన కొడుకు బూతుకు ఫోను చేసి, "మా అమ్మను కాస్త పిలవండి, పావుగంటలో మళ్లీ చేస్తాను" అనేవాడు. కబురందిన తల్లి చేతిలో పని వదిలి పరుగున వచ్చేది. మన దేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగింది. కలకత్తా నుంచి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసుగారు ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌గారితో మాట్లాడారు. ఆ రోజుల్లో అది గొప్పవాళ్ల వస్తువు. ఈనాడు ఇచ్ఛాపురం నుంచి భోగాపురం వరకు పొలంలో, చేపల రేవులో, పలాస జీడిపప్పు పరిశ్రమల్లో ఎవరి చేతిలో చూసినా సెల్లే.

వయసు పిల్లలు టచ్ ఫోను వాడుతున్నారు. ఊళ్లో ఉండిపోయిన తల్లిదండ్రులకు, మామ్మలకు, తాతలకు మాత్రం చాలా ఇళ్లలో బటన్ల ఫోనే దిక్కు. అది చిన్న వస్తువే కాని, దానిలోని నంబరు చిన్నది కాదు. బ్యాంకు ఖాతా, ఆధార్, పింఛను, గ్యాసు బండ అన్నీ ఆ నంబరుతోనే ముడిపడి ఉన్నాయి. అంటే అది ఇంటి తాళంచెవి వంటిది. తాళంచెవిని ఎలా దాచుకోవాలో ఇంటివారికి ఎవరో ఒకరు నేర్పాలి. ఈవారం పాఠం అందుకోసమే.

మరియమాత నేర్పిన పద్ధతి

1951లో 12వ పయస్ పోపుగారు అతిదూత గబ్రియేలును టెలిఫోను, రేడియో వంటి దూరసమాచార సాధనాలకు పాలకునిగా ప్రకటించారు. కబురు తెచ్చిన దూత కనుక ఆ బాధ్యత ఆయనకు తగినదే. లూకా సువిశేషం మొదటి అధ్యాయాన్ని ఈ దృష్టితో ఒకసారి చదవండి. దూత పలకరింపు విని మరియమ్మ కలత చెందింది. అయినా తొందరపడి ఔననలేదు. ఆ పలకరింపు ఏమై ఉంటుందా అని ఆలోచించింది. తరువాత, ఇది ఎలా జరుగుతుందని అడిగింది. జవాబు విన్నాకనే తన సమ్మతి తెలిపింది. దూత కూడా ఆమెను బెదిరించలేదు, తొందరపెట్టలేదు, ఎవరికీ చెప్పవద్దని షరతు పెట్టలేదు. ముందుగా ఆమె భయాన్ని తీర్చాడు. అడిగిన ప్రశ్నకు జవాబిచ్చాడు.

ఫోనులో వచ్చే మోసపు కబురు దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. ముందు భయపెడుతుంది. వెంటనే తొందరపెడుతుంది. చివరికి ఎవరికీ చెప్పవద్దంటుంది. దేవుని కబురు విన్నప్పుడే మన తల్లి ఆలోచించి, అడిగి తెలుసుకున్నదంటే, ఊరూపేరూ తెలియని మనిషి కబురు విన్నప్పుడు మనం ఎంత నిదానించాలి! ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే మిగిలిన జాగ్రత్తలన్నీ సులువుగా అర్థమవుతాయి.

కొనేటప్పుడు

1. ముందు మీ ఊళ్లో ఏ కంపెనీ సిగ్నలు బాగా అందుతుందో ఇరుగుపొరుగువారిని అడగండి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో ఒక కొండకు ఇవతల అందేది అవతల అందదు. జియో కంపెనీకి పాతకాలపు 2జి సేవ లేదు. అందుచేత పాత 2జి ఫోనులో జియో సిమ్ము పనిచేయదు. కొత్తగా కొనేవారు 4జి బటన్ల ఫోను తీసుకోవడం మంచిది.

2. ఫోనులో *#06# నొక్కితే 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య కనిపిస్తుంది. ప్రతి ఫోనుకూ అదొక గుర్తింపు సంఖ్య. దానిని బిల్లుమీద రాసి, రేషను కార్డు, పట్టాదారు పుస్తకం ఉండే చోట దాచండి. ఎవరి దగ్గరైనా పాత ఫోను కొంటుంటే కె.వై.ఎం. అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, కాస్త ఖాళీ, ఆ 15 అంకెలు కొట్టి 14422కు మెసేజి పంపండి. ఆ సంఖ్య సరైనదో కాదో జవాబు వస్తుంది.

3. సిమ్ము తీసుకునేటప్పుడు వేలిముద్ర అడుగుతారు. "పడలేదు, మళ్లీ పెట్టండి" అని రెండు మూడుసార్లు పెట్టించుకుంటే కారణం అడగండి. ఆ వంకతో మన పేరున మరో సిమ్ము తీసి అమ్ముకునే మోసగాళ్లు ఉన్నారు. కేంద్ర ప్రభుత్వపు సంచార్ సాథీ వెబ్‌సైటులో మన పేరున ఎన్ని నంబర్లు ఉన్నాయో చూడవచ్చు. టచ్ ఫోను ఉన్న పిల్లల చేత ఈ పని చేయించండి. మనది కాని నంబరు కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు.

అమర్చుకోవడం

కొత్త ఫోను తెచ్చిన కొడుకో మనవరాలో దానిని చేతిలో పెట్టి వెళ్లిపోకూడదు. ఒక పూట పక్కన కూర్చుని, ఈ పనులు పెద్దవారి చేతనే చేయించాలి. చూసి నేర్చుకున్నది మరిచిపోతారు. చేసి నేర్చుకున్నది నిలుస్తుంది.

1. ఫోను ఆపి, వెనుక మూత తీసి, బ్యాటరీ తీసి సిమ్ము పెట్టాలి. సిమ్ముకు ఒక మూల కోసి ఉంటుంది. ఫోనులోని గాడికీ అదే ఆకారం ఉంటుంది. బలంగా తోయనక్కరలేదు.

2. మెనూలోని సెట్టింగ్స్‌లో భాషను తెలుగుకు మార్చండి. తేదీ, సమయం సరిచేయండి. అక్షరాలు పెద్దవిగా కనిపించే వీలుంటే అదీ పెట్టండి. గంట శబ్దం పెంచండి.

3. పేర్లు ఇంట్లో పిలుచుకునే వరసలతో ఎక్కించండి: "పెద్దోడు – చెన్నై", "చిన్నమ్మి – రాజాం", "ఉపదేశిగారు", "మన బ్యాంకు". పూర్తి పేరు ఇంగ్లీషులో ఉంటే మామ్మ చదవలేదు. చదువు రానివారికి 2 నొక్కి పట్టుకుంటే పెద్దోడు, 3 నొక్కి పట్టుకుంటే చిన్నమ్మి పలికేలా అమర్చవచ్చు.

4. 5, 9 అంకెలను మాత్రం ఇలా వాడకండి. 2017 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బటన్ల ఫోన్లలో 5 గాని 9 గాని నొక్కి పట్టుకుంటే 112 అత్యవసర నంబరుకు వెళ్లే ఏర్పాటు ఉండాలని ప్రభుత్వం నియమం పెట్టింది. మీ ఫోనులో ఏ అంకెకు ఉందో దానితో వచ్చిన చిన్న పుస్తకంలో చూసి ఇంటిల్లపాదికీ చెప్పండి. అంబులెన్సుకు 108 ఉండనే ఉంది.

5. జేబులో బటన్లు వాటంతటవే నొక్కుకోకుండా కీప్యాడు తాళం వేయడం, తీయడం నేర్పండి. సిమ్ముకు పిన్ను పెట్టుకుంటే ఫోను పోయినా దొంగ ఆ సిమ్మును వాడలేడు. అయితే పిన్నును మూడుసార్లు తప్పుగా కొడితే సిమ్ము ఆగిపోతుంది. అప్పుడు కంపెనీ ఇచ్చే పి.యు.కె. సంఖ్య కావాలి. దానిని పదిసార్లు తప్పుగా కొడితే ఆ సిమ్ము ఇక పనికిరాదు. కనుక పిన్నును ఇంట్లో నమ్మకమైన ఇంకొకరికి కూడా తెలియనివ్వండి.

6. మాట్లాడటానికి, మెసేజిలకు మాత్రమే ఫోను వాడేవారు ఇంటర్నెట్టు కలిపిన రీచార్జి చేయించుకోనక్కరలేదు. మాటలు, మెసేజిలు మాత్రమే ఉన్న పథకాలు కూడా కంపెనీలు ఇచ్చి తీరాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. దుకాణంలో అడిగి తీసుకోండి. నంబరును చాలాకాలం వాడకుండా వదిలేయకండి. 90 రోజులు వాడకం లేకపోతే కంపెనీ దానిని ఆపివేసి, కొంతకాలానికి మరొకరికి ఇవ్వవచ్చు. బ్యాంకులో ఇంకా ఆ నంబరే ఉంటే మీ ఖాతా సంగతులు వాళ్లకు పోతాయి. నంబరు మారిస్తే ముందు బ్యాంకులో చెప్పండి.

బ్యాటరీ జాగ్రత్త

బ్యాటరీ ఉబ్బినా, ఫోను చేయి కాలేంత వేడెక్కినా వాడటం మానండి. పేరున్న కంపెనీలకే పొరపాట్లు జరుగుతాయి. 2007 ఆగస్టులో నోకియా కంపెనీ చార్జింగులో వేడెక్కే ప్రమాదం ఉందని బి.ఎల్.-5సి రకం బ్యాటరీల విషయంలో ప్రపంచమంతటా హెచ్చరిక చేసింది. అటువంటివి 4 కోట్ల 60 లక్షలని చెప్పింది. సంతలో దొరికే పేరులేని బ్యాటరీ సంగతి చెప్పేదేముంది? రాత్రి దిండు కింద పెట్టి చార్జింగు చేయవద్దు. చార్జింగులో ఉండగా మాట్లాడవద్దు. పిడుగులు పడే వేళ చార్జరును గోడనుంచి తీసేయండి.

దొంగ కబురును ఎలా గుర్తించాలి?

వలస వెళ్లిన బిడ్డలున్న ఇంట్లో రాత్రిపూట ఫోను మోగితే గుండె ఝల్లుమంటుంది. 2018 నవంబరులో వెరావల్ నుంచి వేటకు వెళ్లిన మన రెండు జిల్లాల మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుంది. వారిలో ఇరవైమంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా తిరిగి వచ్చారు. అన్ని నెలలూ ఆ ఇళ్లలో కబురు కోసం ఎదురుచూపులే. అటువంటి ఆదుర్దా మీదనే మోసగాడు వల వేస్తాడు.

మాటకు, ఇలా ఒక ఫోను వచ్చిందనుకోండి. "అమ్మా, నేను పోలీసు స్టేషనులో ఉన్నాను. నాన్నకు చెప్పకు. ఇప్పుడే ఇరవై వేలు వేయాలి." తల్లి ప్రాణం పోయినంత పనై, "ఒరే బాబూ, ఏటయిందిరా?" అంటుంది. ఇంతలో మరొక గొంతు, "నేను ఎస్సైని" అని గద్దిస్తుంది. ఈమధ్య కంప్యూటరు సాయంతో మనిషి గొంతును అనుకరించే విద్య కూడా వచ్చింది. గొంతు పోలి ఉన్నంతమాత్రాన నమ్మరాదు. అప్పుడు చేయవలసినది ఒక్కటే. ఫోను పెట్టేసి, మనం ఎక్కించుకున్న "పెద్దోడు – చెన్నై" నంబరుకు మనమే ఫోను చేయాలి. అతను ఎత్తకపోతే అతనితో ఉండే స్నేహితునికి చేయాలి. ఇంటివారికి మాత్రమే తెలిసిన ఒక గుర్తు మాట ముందే అనుకుని ఉంటే ఇంకా మంచిది.

మిగిలిన మోసాలకూ రూపం మారుతుంది గాని గుణం మారదు.

- "మీ పింఛను ఆగిపోతుంది, ఖాతా మూతపడుతుంది, ఇప్పుడు వచ్చిన ఓటీపీ చెప్పండి" అంటారు. ఓటీపీ అంటే ఒక్కసారికి పనికొచ్చే తాళంచెవి. బ్యాంకువారు గాని, సచివాలయం వారు గాని దానిని ఫోనులో అడగరు. మన ఎదుట నిలబడి పని చేసే ఉద్యోగి అడిగినా, మెసేజిలో ఏమి రాసి ఉందో ఒకరి చేత చదివించుకున్నాకే చెప్పండి.

- "మీకు డబ్బు పంపుతున్నాం, పిన్ను కొట్టండి" అంటారు. డబ్బు రావడానికి పిన్ను అక్కరలేదు. పిన్ను కొడితే పోయేది మన డబ్బే. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు యు.పి.ఐ. 123పే అనే సేవ తెచ్చాక బటన్ల ఫోనుతో కూడా డబ్బు పంపే వీలు కలిగింది. కనుక "నాది చిన్న ఫోను, నాకేం భయం" అనుకోవద్దు.

- "*401* కొట్టి ఈ నంబరు నొక్కండి" అంటారు. అలా చేస్తే మనకు రావలసిన ఫోన్లు వాళ్లకు మళ్లుతాయి. ఓటీపీ గొంతు రూపంలో వస్తే అదీ వాళ్లకే వినిపిస్తుంది. 2024 ఏప్రిల్ 15 నుంచి ఈ సదుపాయం ఆపాలని ప్రభుత్వం కంపెనీలకు చెప్పింది. అయినా అనుమానముంటే *#21# కొట్టి చూడండి. మళ్లింపులన్నీ రద్దు చేయడానికి ##002# కొట్టండి.

- "మీ పేరున మత్తుమందుల పార్సిలు దొరికింది, మిమ్మల్ని ఫోనులోనే అరెస్టు చేశాం" అంటారు. మన చట్టంలో ఫోను అరెస్టు అనేదే లేదు. 2024 అక్టోబరు 27న మనసులో మాట కార్యక్రమంలో ప్రధానమంత్రి కూడా దేశమంతటికీ ఈ సంగతి చెప్పారు.

- విదేశీ నంబరు ఒకసారి మోగి ఆగిపోతుంది. మన దేశపు నంబర్లకు ముందు +91 ఉంటుంది. మరొక సంఖ్య ఉండి, ఆ దేశంలో మనవాళ్లెవరూ లేకపోతే తిరిగి చేయవద్దు.

జరిగిపోతే ఏం చేయాలి?

డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కు ఫోను చేయాలి. అది సైబరు నేరాల ఫిర్యాదు నంబరు. ఏ ఖాతానుంచి, ఎంత, ఏ వేళకు పోయిందో చెబితే, సొమ్ము దొంగ చేతికి చేరకముందే మధ్యలో ఆపే ప్రయత్నం చేస్తారు. అందుకే ప్రతి గంటా విలువైనదే. వెంటనే బ్యాంకుకూ తెలియజేయాలి. రహస్య సంఖ్య మనమే చెప్పిన సందర్భంలో ఫిర్యాదుకు ముందు జరిగిన నష్టం ఖాతాదారుదే గాని, ఫిర్యాదు అందిన తరువాత జరిగే నష్టం బ్యాంకుదేనని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాలు చెప్పాయి.

ఫోనే పోతే పోలీసు ఫిర్యాదు ఇచ్చి, అదే నంబరుతో కొత్త సిమ్ము తీసుకుని, సంచార్ సాథీలో ఆ ఫోనును పనిచేయకుండా ఆపించవచ్చు. అప్పుడే మనం దాచుకున్న ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య అక్కరకొస్తుంది.

ఇన్ని మార్గాలున్నా చాలామంది ఆలస్యం చేస్తారు. కారణం సిగ్గు. "కొడుకు కష్టపడి పంపిన డబ్బు పోగొట్టానని తెలిస్తే తిడతాడు, కోడలు దెప్పుతుంది" అని ముసలితల్లి రెండు రోజులు కుమిలిపోతుంది. ఆ రెండు రోజులే దొంగకు కావలసింది. అన్న పానాలు మాని బాధపడిన పెద్దలున్నారు. బిడ్డలారా, మోసపోయినవారు నేరస్తులు కారు. మోసగించినవాడే నేరస్తుడు. "పోనీలే అమ్మా, చెప్పి మంచిపని చేశావు, ముందు 1930కి చేద్దాం" అనే ఒక్క మాట ఏ తాళంకన్నా గట్టి కాపలా.

ఆడపిల్లల విషయంలోనూ ఇంతే. తెలియని నంబరునుంచి ఎవడో పదేపదే ఫోను చేస్తుంటే, తల్లిదండ్రులు ఫోను లాక్కుని పిల్లను చదువు మాన్పిస్తారేమోనన్న భయంతో ఆ అమ్మాయి దాచిపెడుతుంది. దాచినకొద్దీ వాడికి బలం వస్తుంది. తప్పు చేసింది మన బిడ్డ కాదని ముందు నమ్మండి. మహిళలకు 181, పిల్లలకు 1098 నంబర్లు ఉన్నాయి.

తుఫాను వేళ

మన తీరానికి ఫోను మరొక విధంగా కూడా ప్రాణాధారం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు కూలాయి. కరెంటు స్తంభాలు నేలకొరిగాయి. ఫోన్లు పలకలేదు. తుఫాను హెచ్చరిక వినగానే ఫోను నిండా చార్జింగు చేసి పెట్టండి. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసి ప్లాస్టిక్ సంచిలో దాచండి. సిగ్నలు బలహీనంగా ఉన్నప్పుడు మాటకన్నా మెసేజి సులువుగా వెళుతుంది. "బాగున్నాం" అనే ఒక్క మాట పంపితే దూరాన ఉన్న బిడ్డకు చాలు. బటన్ల ఫోనుకు బ్యాటరీ ఎక్కువ రోజులు నిలుస్తుంది కనుక ఆ సమయంలో టచ్ ఫోనుకన్నా అదే మేలు. సముద్రంలో చాలా దూరం పోయాక సెల్లు సిగ్నలు అందదు. దానిమీదే ఆధారపడి వేటకు వెళ్లకండి. తీర రక్షక దళం నంబరు 1554 ప్రతి మత్స్యకారుని ఫోనులో ఉండాలి.

గుడిలో, దారిలో, ఇంట్లో

దివ్యబలిపూజకు వచ్చేముందు ఫోను ఆపండి, లేదా శబ్దం తీసేయండి. బండి నడుపుతూ ఫోను చేత పట్టుకుని మాట్లాడటం చట్టప్రకారం నేరం. దూరాన ఉన్న బిడ్డతో ఫోనులో కలిసి జపమాల చెప్పుకోవచ్చు. పాపసంకీర్తనం మాత్రం ఫోనులో చెల్లదు. దానికి గురువుగారి దగ్గరకు వెళ్లవలసిందే.

ఈ వారం కుటుంబంలో చేయవలసిన పని

సాయంకాల ప్రార్థన తరువాత ఇంటివారంతా కలిసి కూర్చుని ఇవి మాట్లాడుకోండి.

1. మన ఇంట్లో పెద్దవారి ఫోనులో ఎవరెవరి నంబర్లు ఉన్నాయి? వాటిని వారు స్వయంగా తీసి ఫోను చేయగలరా?
2. బ్యాంకులో ఇచ్చిన నంబరు ఇప్పుడు మన దగ్గరే ఉందా?
3. ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య, 112, 108, 1930 గోడమీద గాని కాగితం మీద గాని రాసి పెట్టామా?
4. మన ఇంట్లో ఎవరైనా మోసపోతే భయపడకుండా మనతో చెప్పుకోగలరా? చెప్పుకోలేకపోతే దానికి మన మాటతీరులో ఏమి మార్చుకోవాలి?

విచారణల్లోని యువజనులకు ఒక మనవి. వచ్చే ఆదివారం పూజ ముగిశాక అరగంట గుడి అరుగుమీద కూర్చుని, ఒంటరిగా ఉంటున్న పెద్దల ఫోన్లలో ఈ నంబర్లు ఎక్కించి పెట్టండి. వారి పిన్ను గాని, ఓటీపీ గాని మీరూ అడగవద్దు. అడిగేవారికి చెప్పకూడదని నేర్పడానికి అదే మంచి పాఠం.

అతిదూత గబ్రియేలు మన ఇళ్లకు మంచి కబుర్లే తెచ్చునుగాక. మంచిదో చెడ్డదో తెలియని కబురు వచ్చినప్పుడు ఆలోచించి అడిగే నిదానాన్ని మరియమాత మనకు నేర్పునుగాక.